రెండు యాంప్లిఫయర్లు... ఒక జల్లెడ!

కొత్తగా హోమ్‌ థియేటర్‌ కొన్న చాలా ఇళ్లలో జరిగేదే ఇది. అప్పటిదాకా పాటలు వినిపించిన పాత స్టీరియో యాంప్లిఫయర్‌ని గుడ్డలో చుట్టి అటకెక్కిస్తారు. కొన్నాళ్లయ్యాక ఇంట్లో కుర్రాడికి ఓ ఆలోచన వస్తుంది. ‘పాతదీ కొత్తదీ రెండూ కలిపితే సౌండ్‌ రెట్టింపు అవుతుంది కదా’ అని. ఇంకొందరికి దుకాణంలో ఆశ పుడుతుంది. అక్కడివాళ్లు స్పీకర్‌ని వెనక్కి తిప్పి, ‘చూడండి సార్‌, నాలుగు టెర్మినళ్లున్నాయి. ఇంకో యాంప్‌ తీసుకుంటే బై-యాంపింగ్‌ చేసుకోవచ్చు’ అంటారు.

వినడానికి బాగానే ఉంటుంది. కానీ రెండో యాంప్లిఫయర్‌ అంటే వేల రూపాయల మాట. పైగా కలపకూడని చోట కలిపితే కొత్తది రాకపోగా ఉన్నది కాలిపోతుంది. అందుకే ఈ వారం దాని సంగతే చూద్దాం. ఇంట్లో ఒకటికి మించి యాంప్లిఫయర్లు పెట్టుకోవడానికి ఎన్ని పద్ధతులున్నాయి? దేనివల్ల నిజంగా లాభం? ఏది వట్టి ఆర్భాటం?

ముందు వాట్ల లెక్క

యాంప్లిఫయర్‌ వాట్లు రెట్టింపైతే శబ్దం రెట్టింపవుతుందని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెళ్లే. ‘కాస్త పెరిగింది’ అనిపిస్తుంది, అంతే. మన చెవికి శబ్దం రెట్టింపైనట్టు తోచాలంటే సుమారు 10 డెసిబెళ్లు పెరగాలి. అంటే వాట్లు పదింతలు కావాలి. 50 వాట్ల యాంప్‌ పక్కన ఇంకో 50 వాట్ల యాంప్‌ చేర్చినంత మాత్రాన ఇల్లు దద్దరిల్లదు.

మరోవైపు నుంచి చూద్దాం. స్పీకర్‌తో వచ్చే కాగితంలో ‘సెన్సిటివిటీ’ అని ఒక అంకె ఉంటుంది. ఇళ్లలో వాడే చాలా స్పీకర్లకు అది 85 నుంచి 90 డెసిబెళ్ల మధ్య ఉంటుంది. స్పీకర్‌కి ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో అంత శబ్దం వస్తుందని దానర్థం. మామూలు హాల్లో సోఫాలో కూర్చుని హాయిగా పాటలు వినేటప్పుడు మీ యాంప్‌ సగటున ఇచ్చేది ఒక వాటుకు అటూఇటూనే!

మరి 50, 100 వాట్లు ఎందుకు? సంగీతం ఒకే ఎత్తులో సాగదు కాబట్టి. మృదంగం మీద ఒక్కసారిగా పడే దెబ్బ సగటు కన్నా 15 డెసిబెళ్లు ఎక్కువ ఉందనుకోండి. ఆ క్షణానికి ముప్ఫై రెట్ల శక్తి కావాలి. సగటు ఒక వాటైతే ఆ దెబ్బకు 30 వాట్లు. వాల్యూమ్‌ పెంచి సగటున మూడు వాట్లు వాడుతుంటే దెబ్బకు 90 వాట్లు. యాంప్‌ దగ్గర అంత లేకపోతే శబ్ద తరంగం పైభాగం కత్తిరించినట్టు తెగిపోతుంది. దీన్నే క్లిప్పింగ్‌ అంటారు. పాట గరగరమనడం, చెవులు బరువెక్కడం, ట్వీటర్లు మాడిపోవడం... అన్నీ దీనివల్లే. రెండో యాంప్‌ గురించి ఆలోచించడానికి సరైన కారణం ఇదొక్కటే. సౌండ్‌ రెట్టింపు చేయడం కోసం కాదు, ఈ తెగిపోవడాన్ని ఆపడం కోసం.

ఇది మాత్రం చేయకండి

పద్ధతుల్లోకి వెళ్లేముందు ఒక హెచ్చరిక. రెండు యాంప్లిఫయర్ల స్పీకర్‌ తీగల్ని తెచ్చి ఒకే స్పీకర్‌ టెర్మినళ్లకు ఎప్పుడూ బిగించకూడదు. ‘ఒకటి టీవీకి, ఒకటి పాటలకు. ఒకసారి ఒకటే ఆన్‌ చేస్తాం కదా’ అన్నా సరే, వద్దు. యాంప్లిఫయర్‌ని ఎదుటివైపు నుంచి చూస్తే దాని నిరోధం ఓములో చిన్న భాగం కూడా ఉండదు. అంటే ఒక యాంప్‌ నుంచి వచ్చే కరెంటుకు రెండో యాంప్‌ దాదాపు షార్ట్‌ సర్క్యూట్‌లాగే కనిపిస్తుంది. అదృష్టం బాగుంటే ఫ్యూజు పోతుంది. లేకపోతే ఔట్‌పుట్‌ ట్రాన్సిస్టర్లు పోతాయి.

టీవీకీ, పాటలకూ ఒకే జత స్పీకర్లు కావాలనుకునేవాళ్లకు రెండు దారులున్నాయి. మొదటిది... ఏవీ రిసీవర్‌ వెనక ‘ప్రీ ఔట్‌’ అనే సాకెట్లున్నాయేమో చూడండి. ఉంటే వాటి నుంచి ఆర్‌సీఏ తీగతో స్టీరియో యాంప్‌కి కలపాలి. స్పీకర్లు ఎప్పుడూ స్టీరియో యాంప్‌కే ఉంటాయి. సినిమా చూసేటప్పుడు రిసీవర్‌ చెప్పినట్టు ఆ యాంప్‌ పనిచేస్తుంది. పాటలు వినేటప్పుడు రిసీవర్‌ని ఆన్‌ చేయాల్సిన పనే లేదు. యాంప్‌లో ‘హోమ్‌ థియేటర్‌ బైపాస్‌’ అనే సదుపాయం ఉంటే ఇంకా సుఖం. సినిమా వేళ దాని వాల్యూమ్‌ జోలికి వెళ్లక్కర్లేదు. అది లేకపోతే యాంప్‌ వాల్యూమ్‌ని ఒకచోట పెట్టి గుర్తు గీసుకోండి. సినిమాకి ఎప్పుడూ ఆ గుర్తు దగ్గరే ఉంచాలి.

రెండో దారి, ప్రీ ఔట్‌ లేనివాళ్లకు... స్పీకర్‌ సెలెక్టర్‌ స్విచ్‌. రెండు యాంప్‌ల తీగలూ దానికొస్తాయి, ఏది నొక్కితే అది మాత్రమే స్పీకర్‌కి కలుస్తుంది. ఒకదాన్ని పూర్తిగా వదిలాకే రెండోదాన్ని పట్టుకునే రకం స్విచ్‌ అడిగి తీసుకోండి. మార్చేముందు రెండు యాంప్‌ల వాల్యూమ్‌ సున్నాకి తేవడం ఇంట్లో అందరికీ అలవాటు చేయండి.

నాలుగు టెర్మినళ్ల కథ

ఇప్పుడు దుకాణంలో చూపించిన నాలుగు టెర్మినళ్ల దగ్గరికి వద్దాం. స్పీకర్‌ పెట్టెలో సాధారణంగా రెండు రకాల నోళ్లుంటాయి. డోలు దెబ్బలాంటి మంద్ర శబ్దాలకు పెద్ద వూఫర్‌, తాళాల గలగలలాంటి సన్నని శబ్దాలకు చిన్న ట్వీటర్‌. యాంప్‌ నుంచి వచ్చే పాటలో రెండూ కలిసే ఉంటాయి. వాటిని వేరుచేసి ఎవరి వాటా వాళ్లకి పంపడానికి పెట్టె లోపల కాయిల్స్‌, కెపాసిటర్లతో ఒక జల్లెడ ఉంటుంది. దాని పేరు క్రాసోవర్‌. నాలుగు టెర్మినళ్లున్న స్పీకర్లలో వూఫర్‌ జల్లెడకు ఒక జత, ట్వీటర్‌ జల్లెడకు ఒక జత బయటికి తెస్తారు. ఆ రెండు జతల్నీ చిన్న లోహపు పట్టీలు కలిపి ఉంచుతాయి. ఒకే యాంప్‌తో వినేటప్పుడు ఆ పట్టీలు ఉండాల్సిందే.

పట్టీలు తీసేసి, ఒకే యాంప్‌ నుంచి రెండు జతల తీగలు లాగితే దాన్ని బై-వైరింగ్‌ అంటారు. దీనివల్ల తీగ ఖర్చు పెరుగుతుందన్నది ఖాయం. తేడా వినిపిస్తుందా అన్నదాని మీద వాదనలు ఎప్పటికీ తెగవు. ఆ డబ్బుతో కాస్త లావు తీగ ఒకటే వేసుకోవడం మేలు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ పది మీటర్ల దూరం వెళ్లొచ్చినా దాని నిరోధం ఓములో ఆరో, ఏడో వంతే. ఇంటికి అది చాలు.

పట్టీలు తీసేసి, రెండు జతలకూ రెండు వేర్వేరు యాంప్‌లు కలిపితే అది బై-యాంపింగ్‌. ఇందులో రెండు రకాలు.

అడ్డంగా పంచుకోవడం: ఒక స్టీరియో యాంప్‌ రెండు స్పీకర్ల వూఫర్లనూ చూసుకుంటుంది. ఇంకో స్టీరియో యాంప్‌ రెండు ట్వీటర్లనూ చూసుకుంటుంది. రెండు యాంప్‌లూ ఒకే రకం కానక్కర్లేదు. బలమైన ట్రాన్సిస్టర్‌ యాంప్‌ని వూఫర్లకు, మృదువైన వాల్వ్‌ యాంప్‌ని ట్వీటర్లకు పెట్టుకునే రసికులూ ఉన్నారు.

నిలువుగా పంచుకోవడం: ఎడమ స్పీకర్‌కి ఒక యాంప్‌, కుడి స్పీకర్‌కి ఒక యాంప్‌. ప్రతి యాంప్‌లోనూ ఒక చానల్‌ వూఫర్‌కి, మరొకటి ట్వీటర్‌కి. ట్వీటర్‌ చానల్‌కి పెద్దగా కరెంటు అక్కర్లేదు కాబట్టి ఆ యాంప్‌లోని ట్రాన్స్‌ఫార్మర్‌ శక్తి చాలావరకు వూఫర్‌కే దక్కుతుంది. యాంప్‌ని స్పీకర్‌ పక్కనే పెట్టుకుని తీగ పొడవు తగ్గించుకోవచ్చు. అయితే దీనికి రెండు యాంప్‌లూ అచ్చంగా ఒకే మోడల్‌ అయి ఉండాలి.

రెండు రకాల్లోనూ ప్రీ యాంప్‌ నుంచి వచ్చే ఒక్కో తీగను రెండుగా చీల్చాలి. చీల్చడానికి వై ఆకారపు ఆర్‌సీఏ తీగ సరిపోతుంది. కానీ అదే తీగతో రెండు పరికరాల ఔట్‌పుట్‌లను ఒకటిగా కలపకూడదు.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. పట్టీలు తీయడం మరచిపోయారో, రెండు యాంప్‌లూ నేరుగా ఒకదానికొకటి కలిసిపోతాయి. పైన చెప్పిన ప్రమాదమే మళ్లీ ఎదురవుతుంది. స్విచ్‌ వేసేముందు నాలుగు పట్టీలూ తీసి చేతిలో లెక్కపెట్టుకోండి. స్పీకర్‌కి రెండు చొప్పున జతకు నాలుగుండాలి. రెండో చిక్కు గెయిన్‌. వచ్చిన సంకేతాన్ని యాంప్‌ ఎన్ని రెట్లు పెంచుతుందన్నదే గెయిన్‌. ఒక యాంప్‌ది 29 డెసిబెళ్లు, రెండోది 26 అయితే ఒకవైపు 3 డెసిబెళ్లు ఎక్కువ పలుకుతుంది. ట్వీటర్‌ వైపు ఎక్కువైతే గాయని గొంతులో ‘స’కారాలు చెవిలో గుచ్చుకుంటాయి. వూఫర్‌ వైపు ఎక్కువైతే మాటలు కుండలోంచి వచ్చినట్టుంటాయి. అటకమీది పాత యాంప్‌నీ, కొత్త రిసీవర్‌నీ జత చేసినప్పుడు జరిగేది చాలాసార్లు ఇదే. కొన్ని పవర్‌ యాంప్‌ల వెనక ఉండే లెవెల్‌ బిరడాతో దీన్ని సరిచేసుకోవచ్చు. అది లేకపోతే ఒకే మోడల్‌ యాంప్‌లు వాడటమే దారి.

జల్లెడ ఎక్కడుంది?

ఇంత శ్రమపడి, ఇంత ఖర్చుపెట్టి బై-యాంపింగ్‌ చేస్తే మొదట చెప్పుకొన్న తెగిపోవడం ఆగుతుందా? ఇక్కడే అసలు మర్మం ఉంది.

ఒక బస్తాలో బియ్యం, నూకలు కలిసి ఉన్నాయనుకోండి. ఒక ఇంటికి బియ్యం కావాలి, పక్కింటికి నూకలు కావాలి. ఇద్దరు మనుషులు చెరో నిండు బస్తా మోసుకెళ్లి, గుమ్మం ముందు జల్లించి, అక్కర్లేనిది పక్కన పెట్టడం ఒక పద్ధతి. మిల్లులోనే జల్లించి ఒకరు బియ్యం, ఒకరు నూకలు మాత్రమే మోయడం ఇంకో పద్ధతి. మనుషులు ఇద్దరే. మోసే బరువు మాత్రం ఒకటి కాదు.

స్పీకర్‌ వెనక పట్టీలు తీసి చేసే బై-యాంపింగ్‌ మొదటి పద్ధతి. జల్లెడ ఇంకా స్పీకర్‌ పెట్టెలోనే, అంటే యాంప్‌ల తర్వాతే ఉంది. కాబట్టి రెండు యాంప్‌లకూ పాట మొత్తం వస్తుంది. డోలు, తాళాలు కలిసిన పూర్తి తరంగాన్ని రెండూ పెంచాలి. కరెంటు విషయంలో కొంత భారం పంచుకునే మాట నిజమే. కానీ తరంగం ఎత్తు, అంటే వోల్టేజి, ఇద్దరికీ పూర్తిగానే ఉంటుంది. ఒక యాంప్‌ ఎక్కడ తెగిపోయేదో రెండూ ఇంచుమించు అక్కడే తెగిపోతాయి.

అదే జల్లెడ యాంప్‌లకన్నా ముందుంటే? లెక్క చూడండి. 8 ఓముల స్పీకర్‌కి 25 వాట్లివ్వగల యాంప్‌ తరంగాన్ని 20 వోల్టుల ఎత్తుదాకా తీసుకెళ్లగలదు. ఒక క్షణంలో డోలుకు 20 వోల్టులు, తాళాలకు 20 వోల్టులు కావాలనుకుందాం. ఒకే యాంప్‌ రెండింటినీ మోయాలంటే 40 వోల్టులు కావాలి. వోల్టేజి రెట్టింపైతే వాట్లు నాలుగింతలు. అంటే 100 వాట్ల యాంప్‌ ఉండాలి. ముందే జల్లించి పంపితే రెండు 25 వాట్ల యాంప్‌లు ఆ పని చేసేస్తాయి. ఇది కాగితం మీద గరిష్ఠ లెక్క. నిజమైన పాటలో సన్నని శబ్దాలకు అంత శక్తి అక్కర్లేదు కాబట్టి లాభం ఇంతకన్నా తగ్గుతుంది. అయినా లాభం లాభమే.

ఇంకో మేలు కూడా ఉంది. డోలు దెబ్బకు వూఫర్‌ యాంప్‌ తెగిపోయినా ఆ గరగర వూఫర్‌ దాకానే వెళ్తుంది. సున్నితమైన ట్వీటర్‌కి చేరదు. అది తన మానాన తాళాల్ని పలికిస్తూనే ఉంటుంది.

అందుకే ఎవరైనా ‘బై-యాంపింగ్‌ చేసుకోండి’ అంటే మీరు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. జల్లెడ ఎక్కడుంది? యాంప్‌ల తర్వాత ఉంటే దాన్ని పాసివ్‌ అంటారు, యాంప్‌లకు ముందుంటే యాక్టివ్‌ అంటారు. రెండింటికీ పేరు ఒకటే కావడం వల్లే ఇంత గందరగోళం.

ఏడు చానళ్ల ఏవీ రిసీవర్ల మెనూలో కనిపించే ‘బై-యాంప్‌’ కూడా పాసివ్‌ రకమే. వెనక స్పీకర్లకు వాడని రెండు చానళ్లను ముందు స్పీకర్లకు ఇస్తుంది. అన్నిటికీ కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్‌ ఒకటే. ఖర్చు జత తీగ మాత్రమే కాబట్టి సరదాగా చేసి చూడొచ్చు. దానికోసమే పెద్ద రిసీవర్‌ కొనడం మాత్రం దండగ.

జల్లెడ ముందుంటే...

యాక్టివ్‌ పద్ధతి మనకు కొత్తేమీ కాదు. పెళ్లి ఊరేగింపులో, సభల్లో పెద్ద సౌండ్‌ సిస్టమ్‌లు చూస్తుంటాం కదా. గుండెల మీద తట్టినట్టుండే బేస్‌ పెట్టెలకు వేరే యాంప్‌లు, పైన కొమ్ముల్లాంటి హారన్లకు వేరే యాంప్‌లు ఉంటాయి. వాటికి ముందు ఎలక్ట్రానిక్‌ క్రాసోవర్‌ పాటను చీల్చి పంపుతుంటుంది. ఇళ్లలోకీ, స్టూడియోల్లోకీ వచ్చే ఇలాంటి క్రాసోవర్లలో చాలావాటికి ఆధారం ‘లింక్‌విట్జ్‌-రైలీ’ పద్ధతి. హ్యూలెట్‌ ప్యాకర్డ్‌ ఇంజినీర్లు సీగ్‌ఫ్రీడ్‌ లింక్‌విట్జ్‌, రస్‌ రైలీల పేర్ల మీదుగా వచ్చింది. 1976లో వెలువడిన లింక్‌విట్జ్‌ పత్రంతో అది లోకానికి తెలిసింది. అప్పట్లో సర్క్యూట్‌ బోర్డు మీద చేసిన పనిని ఇప్పుడు డీఎస్‌పీ చిప్‌లు లెక్కలు కట్టి చేసేస్తున్నాయి.

ఫిన్లాండ్‌లో 1978లో మొదలైన జెనెలెక్‌ సంస్థ యాంప్‌లూ క్రాసోవర్‌ అన్నీ స్పీకర్‌ పెట్టెలోనే బిగించిన స్టూడియో మానిటర్లతోనే పేరు తెచ్చుకుంది. మన దేశంలో కోల్‌కతాకు చెందిన సోనోడైన్‌ కూడా ఇలాంటివి తయారుచేసింది. ‘యాక్టివ్‌ స్పీకర్‌’ అని అమ్మేవాటిలో ట్వీటర్‌కీ వూఫర్‌కీ విడివిడిగా యాంప్‌ ఉందో లేదో అడగండి. చవక రకాల్లో ఒక పెట్టెలో స్టీరియో యాంప్‌ పెట్టి, రెండో పెట్టెకు తీగ లాగి, దానికీ ఆ పేరే పెడుతుంటారు.

మరి ఇంట్లో ఉన్న మామూలు స్పీకర్‌నే యాక్టివ్‌గా మార్చుకోవచ్చా? కోఠీ గుజరాతీ గల్లీకో, చెన్నై రిచీ స్ట్రీట్‌కో వెళ్లొస్తే చాలనిపిస్తుంది. తొందరపడకండి. స్పీకర్‌ లోపలి క్రాసోవర్‌ చేసేది జల్లించడం ఒక్కటే కాదు. ట్వీటర్‌ జోరు తగ్గించడం, పెట్టె ఆకారం వల్ల వచ్చే ఎగుడుదిగుళ్లను సరిచేయడం కూడా దాని పనే. దాన్ని పీకేస్తే ఆ దిద్దుబాట్లన్నీ పోతాయి. కొలిచే మైకు, కొలవడం తెలిసిన మనిషి లేకుండా మళ్లీ సరిగ్గా కుదరదు. పైగా యాంప్‌ నేరుగా ట్వీటర్‌కి తగులుతుంది. తీగ ఒకటి అటూఇటూ మారి డోలు దెబ్బ ట్వీటర్‌లోకి వెళ్తే అది క్షణంలో మాడిపోతుంది. అందుకే అనుభవజ్ఞులు ట్వీటర్‌కి వరసలో రక్షణగా ఒక కెపాసిటర్‌ పెడతారు. సొంతంగా స్పీకర్లు తయారుచేసే సరదా ఉన్నవాళ్లకు ఇది మంచి దారి. కంపెనీ స్పీకర్‌ని విప్పి చేసే పని మాత్రం కాదు.

బ్రిడ్జింగ్‌: బలముంది, షరతుంది

స్టీరియో యాంప్‌లోని రెండు చానళ్లనూ కలిపి ఒకే స్పీకర్‌కి వాడటాన్ని బ్రిడ్జింగ్‌ అంటారు. రెండు స్పీకర్లకు రెండు యాంప్‌లు కావాలి. ఒక చానల్‌ తోస్తుంటే రెండోది లాగుతుంటుంది. వోల్టేజి రెట్టింపవుతుంది కాబట్టి సిద్ధాంతం ప్రకారం వాట్లు నాలుగింతలు కావాలి. కానీ ట్రాన్స్‌ఫార్మర్‌ అంత కరెంటివ్వలేదు కనుక అంతకన్నా తక్కువే వస్తుంది.

షరతు ఏంటంటే... బ్రిడ్జింగ్‌లో ఒక్కో చానల్‌కి స్పీకర్‌ నిరోధం సగమే కనిపిస్తుంది. 8 ఓముల స్పీకర్‌ 4 ఓములుగా, 4 ఓముల స్పీకర్‌ 2 ఓములుగా అన్నమాట. 2 ఓములంటే ఇళ్లలో వాడే చాలా యాంప్‌లు వేడెక్కి చేతులెత్తేస్తాయి. వెనక ‘బ్రిడ్జ్‌’ అని స్విచ్‌ ఉండి, పుస్తకంలో 8 ఓములకు పర్వాలేదని రాసుంటేనే చేయండి. స్విచ్‌ లేని యాంప్‌తో ప్రయోగం వద్దు.

విడివిడి పెట్టెలు

వాల్యూమ్‌, ఎంపిక మీటలున్న ప్రీ యాంప్‌ ఒక పెట్టెలో, బలమిచ్చే పవర్‌ యాంప్‌ వేరే పెట్టెలో ఉండటం ఇంకో ఏర్పాటు. దీన్నే ఇంకాస్త సాగదీసి, ఎడమకొకటి కుడికొకటి చొప్పున మోనోబ్లాక్‌లు పెట్టుకునేవారున్నారు. ఒక చానల్‌ వేడి, కరెంటు గుంజుడు రెండోదాన్ని తాకవు. మొరాయించే స్పీకర్లు, పెద్ద హాలు ఉన్నవాళ్లకు ఉపయోగం. పది పన్నెండడుగుల గదిలో పాటలు వినేవాళ్లకు స్థలమే దండగ.

అందరికీ అందే పద్ధతి

ఇంత విన్నాక ‘జల్లెడ ముందుండే పద్ధతి మనకు అందదేమో’ అనిపించిందా? అందుతుంది. బహుశా ఇప్పటికే మీ ఇంట్లో ఉంది కూడా. అదే సబ్‌వూఫర్‌. కరెంటు తీగ ఉన్న ప్రతి సబ్‌వూఫర్‌లోనూ సొంత యాంప్‌ ఉంటుంది. ఏవీ రిసీవర్‌ ముందే పాటను చీల్చి, మంద్ర శబ్దాలను దానికి పంపుతుంది. అంటే ఇది నిఖార్సైన యాక్టివ్‌ బై-యాంపింగే!

చిక్కల్లా మెనూలో ఒక చిన్న మాట దగ్గర వస్తుంది. ముందు స్పీకర్లు ‘లార్జ్‌’ అని ఉంటే రిసీవర్‌ వాటికీ డోలు దెబ్బల్ని పూర్తిగా పంపిస్తూనే ఉంటుంది. ‘మావి పెద్ద స్పీకర్లు కదా’ అని చాలామంది అలాగే వదిలేస్తారు. అక్కడ ‘స్మాల్‌’ అని మార్చి, క్రాసోవర్‌ 80 హెర్ట్జ్‌ దగ్గర పెట్టి చూడండి. థియేటర్‌ ధ్వనికి ప్రమాణాలు పెట్టిన టీహెచ్‌ఎక్స్‌ సంస్థ సిఫార్సు చేసేదీ ఆ అంకే. అంతకన్నా కిందివన్నీ సబ్‌వూఫర్‌ సొంత యాంప్‌కి వెళ్లిపోతాయి. అన్నిటికన్నా ఎక్కువ శక్తి తినేవి అవే కాబట్టి రిసీవర్‌ నెత్తిమీది బరువు దిగిపోతుంది. అదే వాల్యూమ్‌లో గొంతులు తేటపడతాయి. ఖర్చు పైసా లేదు.

ప్రీ ఔట్‌ గానీ, క్రాసోవర్‌ గానీ లేని స్టీరియో యాంప్‌కి కూడా సబ్‌వూఫర్‌ కలపొచ్చు. స్పీకర్‌ తీగల నుంచే సంకేతం అందుకునే టెర్మినళ్లు కొన్ని సబ్‌వూఫర్లకు ఉంటాయి. అయితే అప్పుడు సబ్‌వూఫర్‌కి మాత్రమే జల్లెడ ఉన్నట్టు. స్పీకర్లకు పాట మొత్తం వెళ్తూనే ఉంటుంది.

ప్లగ్గుల దగ్గర జాగ్రత్త

యాంప్‌లు రెండైతే కరెంటు తీగలూ రెండవుతాయి. సన్నని ‘జుంయ్‌’ శబ్దం ఒకటి మొదలవుతుంది. రెండు పరికరాలు రెండు చోట్ల నుంచి ఎర్త్‌ తీసుకున్నప్పుడు ఆ తేడా సంకేతం తీగల్లోకి చొరబడటమే దీనికి ముఖ్య కారణం. దీనికి కొందరు చెప్పే చిట్కా... యాంప్‌ ప్లగ్గులో పెద్ద పిన్ను తీసేయడం, లేదా రెండు పిన్నుల ప్లగ్గు పెట్టడం. దయచేసి ఆ పని చేయకండి. ఆ పిన్ను మీ ప్రాణానికి కాపలా. లోపల తీగ తెగి యాంప్‌ పైరేకుకు తగిలితే కరెంటును భూమిలోకి లాగేది అదే. అది లేకపోతే 230 వోల్టులు ఆ రేకు మీద కాచుకుని ఉంటాయి. మొదట చెయ్యి పెట్టేది పిల్లలే కావచ్చు.

సరైన మందు ఇది. అన్ని పరికరాలనూ ఎర్త్‌ సరిగ్గా ఉన్న ఒకే స్విచ్‌బోర్డు నుంచి తీసుకోండి. అప్పటికీ తగ్గకపోతే టీవీకి వచ్చే కేబుల్‌ తీగను ఒకసారి పీకి చూడండి. చాలా ఇళ్లలో జుంయ్‌మనే శబ్దాన్ని మోసుకొచ్చేది ఆ తీగే. పీకగానే ఆగితే దొంగ దొరికినట్టే. కేబుల్‌కి ఐసొలేటర్‌ పెట్టించండి. పెద్ద పవర్‌ యాంప్‌లుంటే వాటికి 16 యాంపియర్ల సాకెట్‌ వాడండి. ఒక సన్నని ఎక్స్‌టెన్షన్‌ బోర్డుకే అన్నీ గుచ్చొద్దు.

వేడి సంగతి కూడా మరవొద్దు. యాంప్‌ మీద యాంప్‌ పేర్చడం, అద్దాల షోకేసులో మూసిపెట్టడం, దుమ్ము పడకుండా ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పడం... మూడూ ప్రమాదమే. పైన జానెడు ఖాళీ వదలండి. ఆన్‌ చేసేటప్పుడు ముందు ప్లేయరు, ప్రీ యాంప్‌, చివర పవర్‌ యాంప్‌. ఆపేటప్పుడు ముందు పవర్‌ యాంప్‌ ఆపాలి. వరస తప్పితే వచ్చే ‘ఢప్‌’ శబ్దం నేరుగా స్పీకర్‌ మీద పడుతుంది.

డబ్బు ఏ వరసలో?

ఇంట్లో సౌండ్‌ బాగుపడాలంటే ముందు పైసా ఖర్చులేని పనులు చేయండి. స్పీకర్లను గోడ నుంచి ఒక అడుగు ముందుకి జరపండి. ట్వీటర్‌ మీ చెవి ఎత్తులో ఉండేలా చూడండి. నేల మీద మందపాటి తివాచీ, కిటికీలకు పరదాలు వేయండి. మెనూలో ‘స్మాల్‌’ సంగతి సరిచూడండి. ఆ తర్వాత సబ్‌వూఫర్‌. ఆ తర్వాత ఇంకా మంచి స్పీకర్లు. 86 డెసిబెళ్ల స్పీకర్‌ బదులు 89 డెసిబెళ్ల స్పీకర్‌ తీసుకుంటే యాంప్‌ వాట్లు రెట్టింపు చేసినంత ఫలితం. ఇవన్నీ అయ్యాక కూడా గట్టిగా పెట్టినప్పుడు పాట గరగరమంటుంటే అప్పుడు యాంప్‌ గురించి ఆలోచించండి. రెండు చిన్నవాటిని పాసివ్‌గా కలిపేకన్నా ఒకటే మంచిది, బలమైనది కొనడం మేలు.

అటక మీది పాత యాంప్‌నేం చేయాలంటారా? ఉన్న స్పీకర్లకు దాన్ని అతికించాలని చూడకండి. చిన్న జత స్పీకర్లు తెచ్చి, పెద్దవాళ్ల గదిలో పెట్టివ్వండి. పొద్దున్నే సుప్రభాతానికీ, మధ్యాహ్నం పాత పాటలకూ అది ఇంకా చాలాకాలం పనికొస్తుంది. ఒక ఇంట్లో రెండు యాంప్లిఫయర్లను అమర్చుకోవడానికి అదీ మంచి పద్ధతే!